ప్లేటుపై ఒక రాష్ట్రం, చక్రాల కింద మరొకటి

విజయవాడ మీదుగా సాగే చెన్నై-కోల్‌కతా రహదారిపై ఎన్‌ఎల్ అక్షరాలతో మొదలయ్యే పసుపు నంబరు ప్లేట్లు కొత్త కాదు. ఆ లారీల్లో అనేకం కోహిమా ఘాట్ రోడ్డు ఎన్నడూ ఎక్కి ఉండవు. యజమాని హర్యానాలోనో రాజస్థాన్‌లోనో ఉంటాడు. నాగాలాండ్‌లో పన్ను తక్కువ, కాగితాల పని త్వరగా తెములుతుంది. కారణం అంతే.

దీన్ని యజమానుల గడుసుతనంగా కొట్టిపారేయడం తేలిక. కానీ తలుపు తెరిచిపెట్టింది ప్రభుత్వ విధానమే. 2010లో నేషనల్ పర్మిట్‌ను సంస్కరించి, రాష్ట్రానికో రుసుము కట్టే పద్ధతిని తొలగించారు. ఏడాదికి ఒకే మొత్తం (మొదట 15,000 రూపాయలు, తరువాత 16,500) చెల్లిస్తే దేశమంతటా తిరగవచ్చు. ఆ సొమ్మును రాష్ట్రాలు పంచుకుంటాయి. మంచి సంస్కరణే. అయితే పర్మిట్ ఒక్కటయింది గానీ వాహన పన్ను రాష్ట్రానికో తీరుగా మిగిలింది. ఎక్కడ రిజిస్టరు చేయించినా తిరిగే హక్కు ఒకటే అయినప్పుడు ఎవరైనా చౌక గుమ్మమే తొక్కుతారు.

యజమాని నివాసమో వ్యాపారమో ఉండి, వాహనాన్ని సాధారణంగా ఉంచే రాష్ట్రంలోనే నమోదు చేయించాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ చెబుతోంది. మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలంటుంది 47వ సెక్షన్. నిత్యం కదిలే లారీ ‘ఉండే’ చోటు ఏది? కాగితంపై ఒక చిరునామా చూపితే చాలుతోంది. ప్రమాదంలో ఇంటి మనిషిని పోగొట్టుకున్న కుటుంబం పరిహారం కోసం నోటీసు పంపవలసింది కూడా ఆ చిరునామాకే. 2017 ఏప్రిల్ నుంచి సుప్రీంకోర్టు నిషేధించిన బీఎస్-3 వాహనాలను నాగాలాండ్‌లో బీఎస్-4గా నమోదు చేయించారన్న ఆరోపణలపై 2020లో అనంతపురం జిల్లాలో అరెస్టులు జరిగాయి. నాగాలాండ్‌ను నిందించి ప్రయోజనం లేదు; సొంత రాబడి స్వల్పమైన రాష్ట్రం వచ్చిన రుసుమును ఎందుకు కాదంటుంది?

జీఎస్‌టీ తరహాలో వాహన పన్నునూ కేంద్రమే తీసుకుంటే పోతుందనేవారు ఉన్నారు. రాష్ట్రాల చేతిలో మిగిలిన కొద్దిపాటి పన్నుల్లో ఇదొకటి. గుంతలు పడిన రాష్ట్ర రహదారులను పూడ్చేదీ అవే. అంతదూరం పోనక్కరలేదు. వాహన పన్ను రాష్ట్ర జాబితాలోని 57వ అంశమైనా, ఉమ్మడి జాబితాలోని 35వ అంశానికి లోబడినది. పన్ను విధింపు సూత్రాలను నిర్దేశించే అధికారం పార్లమెంటుకు ఎప్పటినుంచో ఉంది. ఇక లారీ ఏ రాష్ట్రంలో ఎన్నాళ్లు తిరిగిందన్నది 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయినప్పటి నుంచి టోల్ గేట్ల లెక్కల్లో చాలావరకు నమోదవుతూనే ఉంది. రిజిస్ట్రేషన్ అధికారులు ఆ లెక్కను తెరిచి 47వ సెక్షన్‌తో సరిచూడడానికి కొత్త చట్టమేదీ అడ్డు కాదు.