బాటిల్‌లో ఏముందో చెప్పి పొయ్యండి

మా కారుకు తొమ్మిదేళ్లు. అత్తమ్మను నెలకోసారి గుండె చెకప్‌కు అనంతపురం నుంచి బెంగళూరుకు అందులోనే తీసుకుపోతాం. పోయిన నెల పెనుకొండ దగ్గర, కియా ఫ్యాక్టరీ కనపడే చోట, డ్యాష్‌బోర్డు మీద పసుపురంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. బండి ఊగుతోంది. వెనక సీట్లో అత్తమ్మ, "ఏమైంది నాయనా?" అని రెండుసార్లు అడిగినా మా ఆయన పలకలేదు.

అంతకు మూడు వారాల ముందే సర్వీసుకిచ్చాం. "ఇంజన్ క్లీనర్ పోస్తే మైలేజీ పెరుగుతుంది సార్" అన్నాడు అక్కడి పిల్లోడు. మా ఆయన తలూపాడు. బిల్లులో నాలుగు వందల యాభై. ఇంటి లెక్క రాసేది నేను, కానీ కారు విషయంలో నన్నడిగేవాళ్లెవరు!

ఊళ్లో పాత మెకానిక్ ఆక్సిజన్ సెన్సర్ విప్పి నా చేతికిచ్చాడు. చిటికెన వేలంత ఉంది. "నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోయినట్టమ్మా. ఇది తెల్లగా ఉండాది సూడు. సిలికాన్ పట్టింది. ఏం పోసినారు?" అన్నాడు. కూలెంట్ కారినా తెల్లబడుతుందట, అదీ చూశాడు, కారలేదు. బాటిల్‌దే తప్పని ఒట్టేసి చెప్పలేనన్నాడు. ఆ మాటకే నాకు అతని మీద నమ్మకం కుదిరింది.

ఈ సెన్సర్ ఉండేది పొగగొట్టంలో. కాలాక పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి కంప్యూటర్‌కు చెబుతుంది, దాన్నిబట్టి పెట్రోలు ఎక్కువా తక్కువా చేస్తుంది. సిలికాన్ కాలితే గాజులాంటి పొర కడుతుంది, ఇక సెన్సర్‌కు ఏమీ తెలియదు. తప్పుడు లెక్కతో పెట్రోలు ఎక్కువ పోతే దాని వెనకున్న కన్వర్టర్ కూడా వేడెక్కి పాడవుతుంది. దాని ఖరీదు వింటే గుండె చెకప్ మనకే కావాలి. సీసం కలిపిన పెట్రోలు కూడా ఈ సెన్సర్లను ఇలాగే చంపేది. 2000లో మన దేశంలో అది ఆగిపోయింది.

క్లీనర్లన్నీ చెడ్డవని నేననను. పాలీఈథర్‌అమీన్ ఉన్నవి ఇంజెక్టర్ల మురికిని తీస్తాయి, సెన్సర్‌కు హాని చెయ్యవని లేబుల్ మీదే రాసి ఉంటుంది. మా బాటిల్ మీద అలాంటిదేమీ లేదు. పిల్లల దగ్గు మందు కొంటే అట్ట తిప్పి చదువుతాం కదా, ఇదెందుకు చదవం?

అసలు మన ఊరి బండికి శత్రువు దుమ్ము. ఆషాఢం గాలి లేస్తే వేరుశనగ చేల ఎర్రమట్టంతా ఇంట్లోకొస్తుంది, ఎయిర్ ఫిల్టర్‌లోకీ పోతుంది. దుమ్ము ప్రాంతాల్లో దాన్ని ముందుగానే మార్చమని కారు పుస్తకంలోనే ఉంది. మాది విప్పితే ఇటుకరాయిలా ఉంది. సర్వీసు బిల్లులో మాత్రం దాని పేరే లేదు!

సెన్సర్‌కు నాలుగు వేల రెండు వందలయ్యాయి. చీటీ డబ్బుల్లోంచి తీశాను. ఈసారి సర్వీసుకు నేనూ వెళ్తున్నాను. మా ఆయన "నువ్వెందుకులే" అన్నారు. అత్తమ్మే, "పోనీరా, లెక్క రాసేది అది కదా" అంది.