వేకువ ఎవరి సొత్తు?



ఈసారి చిన్నదిగా కనిపించే ఒక పెద్ద విషయం గురించి రాస్తున్నాను. పొద్దున్నే లేవడం గురించి. నవ్వకండి, చివరిదాకా చదవండి.

"ఐదింటికి లేవనివాడు జీవితంలో పైకి రాడు." ఈ మాట ఇప్పుడు ఎక్కడ చూసినా ఉంది. రీల్స్‌లో ఉంది, కోచింగ్ సెంటర్ గోడల మీద ఉంది, కార్పొరేట్ కాలేజీ ఫ్లెక్సీల మీద ఉంది. 2018లో రాబిన్ శర్మ 'ది ఫైవ్ ఏఎం క్లబ్' అని పుస్తకమే రాశాడు. పొద్దున ఐదు నుంచి ఆరు దాకా గంటను మూడు ఇరవై నిమిషాలుగా కోసుకోవాలట. మొదటిది వ్యాయామానికి, రెండోది ఆత్మపరిశీలనకి, మూడోది చదువుకి. వినడానికి బాగుంటుంది. నా ప్రశ్న ఒకటే. ఆ గంటలో ఆయన ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ఆయన నడిచే రోడ్డు ఎవరు ఊడుస్తారు?

ఈ మధ్య మా కాలేజీకి ఒక వ్యక్తిత్వ వికాస నిపుణుడు వచ్చాడు. హాలు నిండా పిల్లలు. "ఐదింటికి లేచేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. పదిహేను మంది దాకా ఎత్తారు. వాళ్ళకి చప్పట్లు కొట్టించాడు. మిగతావాళ్ళ వైపు తిరిగి "మీ భవిష్యత్తు నిద్రపోతోంది" అన్నాడు. చెయ్యెత్తనివాళ్ళలో నా క్లాసు అమ్మాయి ఒకతె ఉంది. బయటికొచ్చాక అడిగాను. "నేను లేచేది నాలుగున్నరకి మేడమ్. నీళ్ళు పట్టి, అన్నం వండి, తమ్ముడికి క్యారేజీ కట్టి ఆరున్నర బస్సెక్కుతా. కానీ ఆయన అడిగింది మా లేవడం గురించి కాదు కదా" అంది.

ఆ పిల్లకి రెండు ముక్కల్లో అర్థమైంది ఆ నిపుణుడికి రెండు గంటల ఉపన్యాసంలో అర్థం కాలేదు. పని కోసం లేస్తే అది లేవడం కాదు. తన కోసం లేస్తేనే లేవడం. అదే హాల్లో చివరి వరుసలో కునుకుతున్న అబ్బాయి రాత్రి ఒంటిగంట దాకా ఫుడ్ డెలివరీ చేసి వచ్చినవాడు. వాడి భవిష్యత్తు నిద్రపోవడం లేదు సార్. వాడికి నిద్రే లేదు.

వేకువను కొందరికి పుణ్యంగా, కొందరికి చాకిరీగా పంచిపెట్టడం నిన్నామొన్నటిది కాదు. మనుస్మృతి నాలుగో అధ్యాయం 92వ శ్లోకం బ్రాహ్మీ ముహూర్తంలో మేలుకొని ధర్మార్థాల గురించి ఆలోచించమంటుంది. ఎవరిని? ఆ అధ్యాయం చదువు ముగించుకున్న ద్విజ గృహస్థుడి కోసం రాసింది. శూద్రుడికి ఏం పని పెట్టిందో మొదటి అధ్యాయం 91లోనే చెప్పేసింది: పై మూడు వర్ణాలకీ అసూయ లేకుండా సేవ చేయడం. అవర్ణుల సంగతి ఇక చెప్పేదేముంది. ఒకడు లేచి ఆలోచించాలి, ఇంకొకడు లేచి ఊడవాలి. ఇద్దరూ చీకటితోనే లేస్తారు. మొదటివాడిది దినచర్య, రెండోవాడిది వెట్టి. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ తగలబెట్టించిన పుస్తకం ఇదే.

ఇంకో సంగతి వినండి. పీష్వాల పాలనలో పుణె నగర ద్వారాల లోపల మధ్యాహ్నం మూడు దాటాక, మళ్ళీ పొద్దున తొమ్మిది అయ్యేదాకా మహర్లు, మాంగులు ఉండకూడదు. ఎందుకు? పొద్దున, సాయంత్రం నీడలు పొడుగ్గా పడతాయి. ఆ నీడ ఎక్కడ బ్రాహ్మణుడి మీద పడుతుందోనని. మనిషిని దూరం పెట్టింది చాలక మనిషి నీడకి కూడా టైమ్‌టేబుల్ వేసిన దేశం ఇది. లేత ఎండ వాళ్ళది, నడినెత్తి ఎండ మనది. అలాంటి దేశంలో "ఉదయం అందరికీ సమానమే, అందరికీ ఇరవై నాలుగు గంటలే" అని మైకు పట్టుకుని చెప్తుంటే చరిత్ర చదివినవాళ్ళు ఎలా ఊరుకుంటారు?

నేను తెలుగు సాహిత్యం చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి అటు నుంచి కూడా ఒక మాట. మన సాహిత్యంలో మేలుకొలుపులకి కొదవ లేదు. దేవుణ్ణి లేపారు, రాజును లేపారు. లేపడానికి పాటగాళ్ళు, వాద్యాలు, సుప్రభాతాలు. ఆ గుడి ముంగిట కసువు ఊడ్చే మనిషిని లేపడానికి ఎవరూ పాట కట్టలేదు. ఆమెకి ఆ అవసరమూ రాలేదు, అప్పటికే లేచి ఉంది కాబట్టి. మన ఆడవాళ్ళ వేకువ సాహిత్యం వేరే చోట ఉంది. తిరగలి పాటల్లో, దంపుళ్ళ పాటల్లో ఉంది. చేతులు పనిలో ఉంటే నోరు మాత్రం తనది చేసుకున్న మనుషుల పాటలవి. జాషువా గబ్బిలాన్ని రాయబారిగా ఎందుకు ఎంచుకున్నాడో కూడా ఒకసారి ఆలోచించండి. అరుంధతీసుతుడికి గుళ్ళోకి దారి లేదు. చీకట్లో తిరిగే, అశుభమని అందరూ తరిమే ఒక ప్రాణికి ఆ దారి ఉంది. 1941 నాటి ఆ కావ్యంలో మనిషి గోడు చెప్పుకోడానికి దొరికిన వేళ రాత్రే.

ఇక్కడ కొందరు మిత్రులు తొందరపడి ఒక మాట అంటారు. "అయితే ఈ రొటీన్లూ డిసిప్లిన్లూ మధ్యతరగతి జబ్బు మేడమ్, మనకెందుకు?" అని. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. రోజులో ఒక గంట తన సొంతానికి ఉండటం జబ్బు కాదు, ఆస్తి. మన తాతలకి భూమి ఎలా లేదో ఆ గంట కూడా అలాగే లేదు. లేని ఆస్తిని వద్దనుకోవడం త్యాగం కిందకి రాదు. బ్యాక్‌లాగులతో డిగ్రీ ఆగిపోయేది ఎవరికి? గ్రూప్స్‌కి మూడేళ్ళు చదివి సిలబస్ సగంలో వదిలేసేది ఎవరు? ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన మన పిల్లలే. వాళ్ళకి రోజూ నిలబడే ఒక అలవాటు కావాలి. ఎవరికన్నా ఎక్కువ కావాలి.

మన పెద్దలు ఈ గంట కోసమే కొట్లాడారు. 1855లో జోతిరావు, సావిత్రీబాయి పూలేలు కూలీలకి, రైతులకి రాత్రి బడి పెట్టారు. పగలంతా పొలంలో ఉండేవాణ్ణి పొద్దున బడికి రాలేదని తిట్టలేదు. వాడికి ఏ వేళ ఖాళీయో ఆ వేళకి బడి తలుపు తీశారు. వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా అంబేడ్కర్ 1946లో తెచ్చిన సవరణ ఫ్యాక్టరీ కార్మికుడి వారాన్ని 54 గంటల నుంచి 48కి దించింది. ఆ ఆరు గంటలు నిద్ర అవుతాయి, పిల్లలతో మాట అవుతాయి, పుస్తకం అవుతాయి. ఇప్పుడు ఏం జరుగుతోంది? రోజు పని పరిమితిని 10 గంటలకి పెంచడానికి 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఒప్పుకుంది. వారానికి 48 గంటలు దాటకూడదంటూనే వాణిజ్య సంస్థల్లో అదే పదికి జులైలో తెలంగాణ ప్రభుత్వం అనుమతించింది. ఒక చేత్తో పని గంటలు పెంచి, ఇంకో చేత్తో "పొద్దున్నే లేచి మిమ్మల్ని మీరు తీర్చిదిద్దుకోండి" అని కరపత్రం ఇస్తున్నారు.

ఇక బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం. ఆయన ఎంత తక్కువ నిద్రపోయాడో చెప్పి మన పిల్లల్ని సిగ్గుపడేలా చేయడం మనవాళ్ళకీ అలవాటైంది. అసలు కథ చూడండి. బొంబాయి పరేల్‌లో ఒకే గదిలో సంసారం. మనుషులు మసలుతుంటే ఆ గదిలో చదువు సాగదు. అందుకని పిల్లవాడు పెందలాడే పడుకునేవాడు. తండ్రి రాంజీ రాత్రి రెండింటి దాకా మేలుకుని ఉండి, కొడుకుని లేపి, ఆ తర్వాత తాను నడుం వాల్చేవాడు. ఇది సంకల్పబలం కథ అని చెప్పేవాళ్ళు సగమే చెప్తున్నారు. లేచినవాడు ఒకడు, లేపడానికి మేలుకున్నవాడు ఇంకొకడు. గది లేనివాళ్ళు ఒక వేళను గదిగా కట్టుకున్నారు, ఇద్దరు మనుషులు కలిసి. ఆ తర్వాత న్యూయార్క్‌లో, లండన్‌లో ఆయన పొద్దుపోయేదాకా కూర్చుని చదవగలిగాడంటే అక్కడ తలుపు తెరిచి, దీపం వెలిగించి ఉంచిన లైబ్రరీలున్నాయి.

ఈ వెలుగులో మన అలవాటు ఎలా నిలబడుతుందో మాట్లాడుకుందాం.

ముందుగా 21 రోజుల బూటకాన్ని వదిలేయండి. ఆ అంకె మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి ఊరి మీద పడింది. కొత్త ముఖానికి అలవాటు పడటానికి తన పేషెంట్లకి కనీసం మూడు వారాలు పట్టడం ఆయన గమనించాడు, అంతే. 2010లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పరిశీలించి వేసిన లెక్కలో ఒక పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. ముఖ్యమైనది ఇంకొకటి: మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటు చెడిపోలేదు. కాబట్టి ఇరవై రెండో రోజు మీకు మెలకువ రాకపోతే మీ కులంలోనో, మీ రక్తంలోనో లోపం లేదు. మర్నాడు లేవండి.

రెండోది, నిద్రను ముందు లెక్కేయండి. రాత్రి ఒంటిగంటకి పడుకునే మనిషికి ఐదు గంటల వేకువ అంటే తన ఒంటిని తానే దోచుకోవడం. ఏడు గంటల నిద్ర తర్వాత వచ్చేది ఏ వేళైతే అదే మీ ఉదయం. ఎనిమిదిన్నర అయినా సరే. దానికి ముహూర్తం పెట్టడానికి ఎవరి పంచాంగమూ అక్కర్లేదు.

మూడోది, కొత్త అలవాటుని రోజూ ఎలాగూ జరిగే పనికి కట్టేయండి. గడియారానికి కాదు, పనికి. హాస్టల్లో బకెట్ వరసలో పెట్టిన వెంటనే ఒక పేజీ. బస్సులో సీటు దొరగ్గానే పది ప్రశ్నలు. నిలబడాల్సి వస్తే నిన్న చదివింది మనసులో ఒకసారి అప్పజెప్పుకోవడం. పేజీ చాలా తక్కువ అనిపిస్తుంది. తక్కువే కాబట్టి పరీక్షల ముందు రోజు కూడా, జ్వరం వచ్చిన రోజు కూడా మిగులుతుంది.

నాలుగోది, ఒంటరిగా వద్దు. రాంజీ పద్ధతి పాటించండి. ఇద్దరో ముగ్గురో జట్టు కట్టండి. ఈ వారం నేను నిన్ను లేపుతా, వచ్చే వారం నువ్వు నన్ను. అలారం నొక్కితే ఆగుతుంది, స్నేహితురాలు ఆగదు.

ఐదోది మగపిల్లలకి. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు జీతం లేని ఆ చాకిరీకి పెట్టారు. 2024లో అవి 289, 88. అంటే ఐదేళ్ళలో ఇద్దరికీ కాస్త తగ్గింది, తేడా మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. మన వాడల్లో ఈ లెక్క వేరుగా ఉందని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా? మా ఇంట్లో పొద్దున ఆరు నుంచి ఆరూ నలభై దాకా నేను చదువుకుంటాను. ఆ నలభై నిమిషాలు నా పట్టుదల వల్ల రాలేదు. పొయ్యి దగ్గర నా భర్త నిలబడటం వల్ల వచ్చాయి. అది కూడా అడిగితేనే, కొన్నాళ్ళు గొడవపడితేనే. తమ్ముళ్ళారా, అంబేడ్కర్ ఫోటోకి దండ వేసే చేత్తో పొద్దున నాలుగు బిందెలు కూడా మోయండి. మీ అక్కకి ఒక గంట మిగులుతుంది.

ఆరోది అడగడం. హాస్టల్లో కుళాయిలు చాలకపోతే, చదువుకునే గదికి రాత్రి తొమ్మిదింటికే తాళం పడితే, మీ దినచర్య ఎన్ని యాప్‌లు పెట్టుకున్నా నిలబడదు. ఆ గది తాళం, ఆ కుళాయి, వరండాలో లైటు, ఇవి మీ హక్కులు. వార్డెన్‌కి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. తేదీ వేయండి, నకలు దాచుకోండి. కదలకపోతే జిల్లా సంక్షేమ అధికారికి పంపండి.

ఇది చదివాక ఈ వారం ఒక పని చేయండి. ఒక తెల్ల కాగితం మీద మీ ఇంట్లోనో, మీ హాస్టల్ గదిలోనో పొద్దున నాలుగు నుంచి ఎనిమిది దాకా ఎవరు ఏం చేస్తున్నారో పేరుపేరునా రాయండి. ఎవరి గంట ఎవరి కింద ఖర్చవుతోందో తెలుస్తుంది. ఆ కాగితాన్ని ఇంట్లోవాళ్ళ ముందు పెట్టి మాట్లాడండి. వచ్చే భాగంలో హాస్టల్ రీడింగ్ రూముల గురించి రాస్తాను. మీ దగ్గర ఎన్నింటికి తీస్తున్నారో, ఎన్నింటికి తాళం వేస్తున్నారో నాకు రాసి పంపండి.

జై భీమ్. జై సావిత్రి.