ఫైలు అదే, పౌడరే వేరు

మా ఆఫీసులో ఎవరైనా త్రీడీ ప్రింటింగ్ మాటెత్తితే చాలు, "అంతా సాఫ్ట్‌వేరే గురూ! ఎస్‌టీఎల్ ఫైలు పంపితే వస్తువు వచ్చేస్తుంది" అనేస్తారు. కిందటేడాది దాకా నేనూ ఆ బాపతే.

నా ఫ్రెండొకడు పంపుసెట్లకి కంట్రోలర్ బాక్సులు చేసి అమ్ముతాడు. మూతకి క్లిప్పులుండే ఆ బాక్సు డిజైన్ నాది. నైలాన్ పౌడర్‌ని లేజర్‌తో కరిగించి ప్రింట్ చేసే షాపొకదానికి ఇచ్చాం. మొదటి పదీ బ్రహ్మాండంగా వచ్చాయి. తర్వాతి నలభై మాత్రం పైన కమలాపండు తొక్కలా గరుకు, క్లిప్పులేమో పుటుక్కుమని విరగడం. ఫైలు మారలేదు, మెషీనూ మారలేదు. రెండ్రోజులు నా డిజైన్‌లోనే బగ్ వెతుక్కున్నా. తీరా అడిగితే తేలిందేంటంటే, వాడి వాడి పాతబడ్డ పౌడర్ అది!

ఈ పద్ధతిని 1980ల్లో అమెరికాలో, ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో కార్ల్ డెకార్డ్, ఆయన ప్రొఫెసర్ జో బీమన్ తయారుచేశారు. పౌడర్‌ని 0.1 మిల్లీమీటరు మందాన పరుస్తారు, కరిగే వేడికి కాస్త కిందే ఉంచుతారు, కావలసిన చోట మాత్రం లేజర్ కొడతారు. అన్ని ప్లాస్టిక్కులూ దీనికి లొంగవు. నైలాన్ 12 కరిగేది సుమారు 185 డిగ్రీల దగ్గర, చల్లారుతూ మళ్ళీ గట్టిపడేది 150 దగ్గర. ఆ మధ్య ఖాళీ వల్లే పొరలు వంకర పోకుండా ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందుకే ఈ రంగంలో ఎక్కువగా వాడేది అదే.

"కరగని పౌడర్ మళ్ళీ వాడుకోవచ్చు, వేస్టేజీ లేదు" అని గొప్పగా చెప్తారు. సగమే నిజం. 170 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ మగ్గిన పౌడర్‌లో అణువుల గొలుసులు ఒకదానికొకటి కలిసి పొడుగవుతాయి. కరిగినప్పుడు చిక్కగా ఉండి సరిగ్గా పారదు. అందుకని మామూలుగా 30 నుంచి 50 శాతం దాకా కొత్తది కలుపుతారు. అచ్చం బజ్జీల బండి నూనె వ్యవహారమే. మరిగిన నూనెలో కాస్త కొత్తది పోస్తూ నడిపిస్తారు. ఎంత పోశాడో బండివాడికే ఎరుక, తిన్నాక మనకి తెలుస్తుంది.

నాకు షాపువాడి మీద కన్నా నా మీదే ఎక్కువ కోపం. బిల్డ్ నంబర్, లైబ్రరీ వెర్షన్ లేకుండా కోడ్ రిలీజ్ చేస్తే ఊరుకుంటామా? మరి పౌడర్ దగ్గర ఎందుకు ఊరుకున్నాం? ఎస్‌టీఎల్ ఫైల్లో ఆకారం తప్ప పౌడర్ సంగతి ఒక్క ముక్క ఉండదు. అది మనమే అడిగి రాయించుకోవాలి.

ఇప్పుడు ఆర్డరిచ్చే ముందు మూడు అడుగుతున్నాం. కొత్తదీ పాతదీ ఏ పాళ్ళలో కలిపారు? పాతది ఎన్ని బిల్డులు చూసింది? కరిగితే ఎంత పారుతుందో టెస్టు చేశారా? దానికి తోడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒక క్లిప్పు విడిగా ప్రింట్ చేయించి, చేత్తో వంచి చూస్తాం. "ఇదంతా చేస్తే రేటు పెరుగుతుందండీ" అంటారు. పెరగనివ్వండి. పొలంలో వానకి మూత ఊడి బోర్డు కాలిపోతే తిట్లు పడేది షాపుకి కాదు, మాకు.

మెషీన్ ఏ కంపెనీది అని అడగటం మనందరికీ అలవాటే. ఈసారి పౌడర్ వయసెంతో కూడా అడగండి. ఏమంటారు?