తెరలు నాలుగు, చూపు ఒక్కటి

తెరల సంఖ్య పెరిగినంత మాత్రాన దృశ్యం పెరగదు. ఈ సత్యాన్ని చలనచిత్ర పరిశ్రమ ఎంతో ధనం వెచ్చించి నేర్చుకున్నది. 1927లో ఫ్రెంచి దర్శకుడు అబెల్ గాన్స్ తన ‘నెపోలియన్’ చిత్రంలోని చివరి ఘట్టాన్ని పక్కపక్కన అమర్చిన మూడు తెరలపై మూడు ప్రొజెక్టర్లతో చూపాడు. 1952లో న్యూయార్కులో ‘సినెరామా’ పేరిట అదే ప్రయోగం మరింత ఆర్భాటంగా, వంపు తిరిగిన విశాలమైన తెరతో ప్రేక్షకుల ముందుకు వచ్చింది. చూసినవారు ముగ్ధులయ్యారు. కాని మూడు బొమ్మలూ కలిసే చోట సన్నని అతుకు కనిపిస్తూనే ఉండేది. మూడు యంత్రాలలో ఏ ఒక్కటి తడబడినా భ్రమ చెదిరిపోయేది. 1963 నాటికి సినెరామా మూడు ఫిల్ముల పద్ధతిని విడిచి, వెడల్పాటి ఒకే ఫిల్మును ఆశ్రయించింది.

ఆనాడు మూడు ప్రొజెక్టర్లు, వాటిని కనిపెట్టుకొని ఉండే నిపుణులు కలిసి చేసిన పనిని ఈనాడు ఒళ్ళో ఇమిడే ల్యాప్‌టాప్ చేస్తున్నది. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో పెళ్ళి ఊరేగింపునకో, గణపతి నిమజ్జనానికో వాద్యం సమకూర్చే డీజే నిర్వాహకుని బల్ల మీద ఇప్పుడు కనిపించేది ఆ యంత్రమే. అతని ముందు రెండు తెరలు, జనం ముందు మరి రెండు తెరలు. నాలుగింటికీ మూలం ఒక్కటే. అతుకు కనబడకుండా చూడవలసిన భారం మాత్రం నాటి వలెనే నేడూ మనిషిదే.

రాయపూర్‌కు వెలుగుల వేడుక కొత్తది కాదు. వినాయక చవితి తరువాత జరిగే నిమజ్జనపు ఊరేగింపులో రాయపూర్ నుంచీ, పొరుగున ఉన్న రాజ్‌నాంద్‌గాఁవ్ నుంచీ వచ్చే ‘ఝాంకీ’లను, అనగా దీపాలతో, కదిలే బొమ్మలతో పౌరాణిక సన్నివేశాలను చూపే శకటాలను, తిలకించడానికి జనం రాత్రంతా వీధుల్లో నిలబడతారు. విగ్రహాలు ఖారూన్ నది ఒడ్డున మహాదేవ్ ఘాట్ వైపు సాగిపోతాయి. తాళ వాద్యాలకు కీబోర్డును జోడించిన ‘ధుమాల్’ బృందాలు ఈ ప్రాంతపు ఊరేగింపులకు ప్రాణం. వాటి పక్కనే, కొన్నిచోట్ల వాటి స్థానంలోనే, వాహనాలపై పేర్చిన సౌండు బాక్సులు వచ్చి చేరాయి. వ్యవహారంలో ‘డీజే’ అన్న మాట పాట ఎంచే మనిషిని కాక, ఆ బాక్సుల వరుసనే సూచించే స్థితి ఏర్పడింది. ఎల్‌ఈడీ తెరలు ఈ పరిణామంలో తాజా ఘట్టం.

ఇంతకూ నాలుగు తెరలు ఎందుకు? నిర్వాహకుని వైపు తిరిగినవి పనిముట్లు. ఒకదానిపై పాటల పట్టిక, వాటి లయ, తరువాత రాబోయే పాట ఉంటాయి. మరొకదానిపై దృశ్యాలను ఎంచి కూర్చే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. జనం వైపు తిరిగినవి వేదిక. వాటిపై వధూవరుల చిత్రాలు, దేవతామూర్తులు, పాటకు అనుగుణమైన రంగులు తప్ప మరేమీ కనిపించరాదు. పనిముట్టుకూ వేదికకూ మధ్య గోడ కట్టడమే ఈ విద్యలో మొదటి పాఠం. ఆ గోడ లేనప్పుడే పెళ్ళికూతురి చిత్రం ఉండవలసిన చోట నిర్వాహకుని సొంత సందేశమో, బ్యాటరీ అయిపోతున్నదన్న హెచ్చరికో పన్నెండు అడుగుల వెడల్పున ప్రత్యక్షమవుతుంది.

కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు ఒకటున్నది. ల్యాప్‌టాప్‌కు ఒకే హెచ్‌డీఎంఐ రంధ్రం ఉండడం చూసి, బజారులో చవకగా దొరికే ‘స్ప్లిటర్’ కొని, దానికి మూడు తెరలు తగిలిస్తారు. మూడూ వెలుగుతాయి; కాని మూడింటిపైనా ఒకే బొమ్మ కనిపిస్తుంది. స్ప్లిటర్ చేసేది ఉన్న బొమ్మను పంచడమే కాని, కొత్త బొమ్మను సృష్టించడం కాదు. వేర్వేరు తెరలపై వేర్వేరు దృశ్యాలు కావాలంటే ల్యాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ చిప్ అన్ని బొమ్మలనూ విడివిడిగా గీయగలగాలి; అవి బయటికి వచ్చే దారులూ విడిగా ఉండాలి. ఆపైన సెట్టింగులలో ‘డూప్లికేట్’ కాక ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోవాలి.

దారుల విషయంలోనూ రూపం చూసి మోసపోరాదు. సన్నని కోడిగుడ్డు ఆకారపు యూఎస్‌బీ-సీ రంధ్రాలన్నీ బయటికి ఒక్కలాగే ఉంటాయి. కాని వాటిలో కొన్ని ఛార్జింగుకూ, ఫైళ్ళకూ మాత్రమే పనికివస్తాయి. డిస్‌ప్లేపోర్ట్ సంకేతాన్నో, థండర్‌బోల్ట్‌నో మోసేవి మాత్రమే తెరను వెలిగించగలవు. విండోస్ యంత్రాలలో ఇటువంటి ఒక్క దారి నుంచే ‘ఎమ్‌ఎస్‌టీ’ హబ్ సాయంతో రెండు మూడు స్వతంత్ర దృశ్యాలను రాబట్టవచ్చు. అదే హబ్‌ను ఆపిల్ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఆ తెరలన్నిటిపైనా ఒకే బొమ్మ కనిపిస్తుంది. ఆపిల్ వారి ఎమ్1, ఎమ్2 సాధారణ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లు బయటి తెర ఒక్కదానినే నేరుగా నడపగలవు. ఎమ్3 చిప్ ఉన్నవి మూత మూసినప్పుడు రెండింటిని నడుపుతాయి. కాబట్టి యంత్రం కొనేముందు అడగవలసిన ప్రశ్న ‘ఎన్ని రంధ్రాలున్నాయి?’ అని కాదు, ‘ఎన్ని తెరలు నడుపుతుంది?’ అని.

ఈ పరిమితిని తప్పించుకొనేందుకు ‘డిస్‌ప్లేలింక్’ అనే ఉపాయం ఉన్నది. అది బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో కుదించి, మామూలు యూఎస్‌బీ దారిన పంపి, అవతల విప్పుతుంది. పాటల పట్టిక వంటి నిశ్చల దృశ్యానికి అది చక్కగా చాలుతుంది. కదిలే చిత్రాల విషయంలో మాత్రం అది ప్రాసెసర్‌పై భారం మోపుతుంది, కొంత ఆలస్యాన్ని కలిగిస్తుంది. కాబట్టి పనిముట్టు తెరకు దీనిని వాడి, గ్రాఫిక్స్ చిప్ నుంచి నేరుగా వచ్చే దారిని వేదిక తెరకు కేటాయించడం వివేకం.

ఇక వేదిక తెర లెక్క చూద్దాం. అద్దెకు విరివిగా దొరికే ఎల్‌ఈడీ పలకలలో ఒక రకం అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు ఉంటుంది. చుక్కకూ చుక్కకూ మధ్య దూరం 3.91 మిల్లీమీటర్లు. ఒక్కొక్క పలకలో అడ్డంగా 128, నిలువుగా 128 చుక్కలుంటాయి. నాలుగు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు గల గోడకు ఇటువంటివి 32 కావాలి. అప్పుడు మొత్తం చుక్కలు 1024 × 512, అనగా 5,24,288. సాధారణ ఫుల్ హెచ్‌డీ చిత్రంలోని చుక్కలు 20,73,600. అంటే అంత పెద్ద గోడ, చేతిలోని ఫోనుకన్నా తక్కువ వివరాన్ని చూపుతున్నదన్నమాట! దానికి 4కే చిత్రాన్ని అందించడం చెంబులో చెరువును పోయడమే. ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది తప్ప జనానికి ఒక్క చుక్క అదనంగా కనిపించదు. గోడకు సరిపడే కొలతలోనే చిత్రాలను ముందుగా తయారుచేసుకొంటే పాత యంత్రం కూడా హాయిగా పనిచేస్తుంది.

ఆ గోడకూ ల్యాప్‌టాప్‌కూ నడుమ ప్రాసెసర్ పెట్టె ఒకటి ఉంటుంది. ఎక్కువ వాడుకలో ఉన్న రకాలలో దాని నుంచి వెలువడే ఒక్కొక్క నెట్‌వర్క్ కేబుల్ సుమారు 6,50,000 చుక్కలను నడుపుతుంది. పై గోడకు మరొక వరుస పలకలు చేరిస్తే చుక్కలు 6,55,360 అవుతాయి. ఒక కేబుల్ చాలదు. ఈ చిన్న కూడిక ఇంటి వద్దనే వేసుకొన్నవాడు వేదిక వద్ద తలపట్టుకోడు.

దూరం మరొక సమస్య. మామూలు రాగి హెచ్‌డీఎంఐ తీగ పది పదిహేను మీటర్లు దాటితే నమ్మదగినది కాదు. బొమ్మ మిణుకుమిణుకుమంటుంది, లేదా మాయమవుతుంది. అంతకు మించితే కాంతితంతు కేబులో, నెట్‌వర్క్ తీగపై నూరు మీటర్ల వరకు బొమ్మను మోసే హెచ్‌డీ-బేస్‌టీ పెట్టెలో వాడాలి. తీగ ఒకసారి ఊడితే చాలు, ల్యాప్‌టాప్ ఆ తెర లేదనుకొని కిటికీలన్నిటినీ తారుమారు చేస్తుంది. జనం నడిచే దారిలో తీగలను కప్పి, కొసలను బిగించి కట్టడం సాంకేతిక విద్యలో భాగమే.

దృశ్యం పాటకన్నా కొంచెం వెనుకబడుతున్నదని దిగులుపడేవారు ధ్వని వేగాన్ని గుర్తుంచుకోవాలి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. బాక్సులకు పదిహేడు మీటర్ల దూరాన నిలిచినవానికి పాట సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. సెకనుకు 60 బొమ్మలు చూపే తెర మూడు బొమ్మలు వెనుకబడినా ఆలస్యం అంతే. కాబట్టి మధ్య వరుసలో నిలిచినవానికి రెండూ కలిసే చేరుతాయి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది విద్యుత్తు. జనరేటరు క్షణం ఆగినా ల్యాప్‌టాప్ తన బ్యాటరీతో బతుకుతుంది; ప్రాసెసర్ పెట్టె ఆరిపోతుంది. దానికొక చిన్న యూపీఎస్ పెట్టడం, ఎర్తింగును సరిచూడడం, అప్‌డేట్లనూ సందేశాలనూ ముందే ఆపివేయడం, ఏమీ లేకపోయినా వధూవరుల పేర్లున్న ఒక నిశ్చల చిత్రాన్ని సిద్ధంగా ఉంచుకోవడం, ఇవి అనుభవజ్ఞుల అలవాట్లు. పెళ్ళి మళ్ళీ జరగదు. అద్దె సొమ్ము తిరిగి ఇవ్వవచ్చును గాని ఆ ఘడియను తిరిగి ఇవ్వలేరు. అప్పు చేసి సామగ్రి కొన్న యువకునికి ఒక్క రాత్రి పరువే మరుసటి పెళ్ళిళ్ళ కాలానికి పెట్టుబడి.

ఇదంతా తెలిసిన పిమ్మట కూడా అసలు ప్రశ్న మిగిలే ఉన్నది. ఊరేగింపు ఘనత దేనితో కొలవాలి? ఇంతకాలం దానిని బాక్సుల సంఖ్యతో కొలిచారు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సే పరిమితి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు, మూసిన మందిరాలలో తప్ప, లౌడ్‌స్పీకర్లు మోగరాదు. పండుగల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు మాత్రమే రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వగలదు. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ నూరు మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. బిలాస్‌పూర్‌లోని ఛత్తీస్‌గఢ్ హైకోర్టు 2023లో డీజేల రొదను తనంతట తానే విచారణకు స్వీకరించిందంటే, ఆ పరిమితులు కాగితంపైనే నిలిచిపోయాయని జనం ఎంతగా బాధపడ్డారో ఊహించవచ్చు.

డెసిబెల్ కొలత అమాయకంగా కనిపిస్తుంది. పది పెరిగితే ధ్వనిశక్తి పదిరెట్లవుతుంది. ఇరవై పెరిగితే నూరు రెట్లు. ఆ నూరు రెట్ల రొద వీధిలో నాట్యమాడేవారికి ఉత్సాహం కావచ్చు. అదే వీధిలో కిటికీ మూసుకొని పడుకొన్న గుండెజబ్బు రోగికీ, తెల్లవారితే పరీక్ష రాయవలసిన విద్యార్థికీ అది శిక్ష. చూడ ఇష్టంలేనివాడు తెరకు ముఖం తిప్పుకోగలడు. శబ్దానికి చెవి తిప్పుకొనే వీలు లేదు. వెలుగుకూ మితం అవసరమే. రాత్రివేళ తెర కాంతిని తగ్గించాలి. లేజరు కిరణాలు కళ్ళలో పడకుండా చూడాలి. అయినా ఝాంకీల సంప్రదాయం గల నగరంలో, రొదకు బదులు దృశ్యంతో జనాన్ని నిలబెట్టే మార్గం ఒకటి తెరుచుకున్నది.

దానికి కావలసినది ఎక్కువ తెరలు కాదు. తన ముందున్న రెండు తెరల మీది నుంచి కన్నెత్తి, ఎదుట ఉన్న మనుషులను చూడగల నిర్వాహకుడు కావాలి. ఎవరు నాట్యమాడుతున్నారో, ఏ వృద్ధుడు చెవులు మూసుకొంటున్నాడో, ఏ తల్లి పసిబిడ్డను దూరంగా తీసుకుపోతున్నదో ఏ తెరా చూపదు. అది చూసి చేతి కిందనున్న మీటను కాస్త వెనక్కి తిప్పడానికి ఏ కేబులూ అవసరం లేదు.