నేతి బీరకాయలో నెయ్యెంత?

ఇంజనీరింగు సీటు రాగానే మనవాళ్ళు అప్పో సప్పో చేసి లాప్‌టాప్ కొనిపెడతారు. దానిమీద ‘ఆర్‌టీఎక్స్ 4070’ అని ఉంటే, డెస్క్‌టాప్ కార్డుకు సరిజోడే అనుకుంటాం. కాదు సుమా! 2023లో వచ్చిన డెస్క్‌టాప్ 4070లో 5,888 కోర్లు, 12 జీబీ మెమరీ. వాడకం 200 వాట్లు. అదే ఏడు వచ్చిన లాప్‌టాప్ 4070లో 4,608 కోర్లు, 8 జీబీ. వాట్లంటారా, తయారీదారు ఇష్టాన్నిబట్టి 35 నుంచి 115 దాకా! అసలు చిప్పే వేరు.

పల్చటి పెట్టెలోంచి వేడి బయటికి పంపడం కష్టమే, ఒప్పుకుందాం. మరి పేరు ఒకటే ఎందుకు? 2016 నాటి జీటీఎక్స్ 1080కి రెండింటా 2,560 కోర్లే. అప్పుడు ఒకే పేరు చెల్లింది. ఇప్పుడు చెల్లదు.

హాస్టలుకీ ఇంటికీ మోసుకు తిరగాలంటే లాప్‌టాపే కొనండి. కాని పేరు చూసి కాదు, వాట్లెన్నో అడిగి కొనండి. ఆ అంకెను పెట్టెమీదే అచ్చువేయమని అడగడం మన హక్కు!