దప్పిక ఎరగని యంత్రం తత్వం చెబుతుందట!

ఆదివారం సాయంత్రం మా వాడలో అంబేద్కర్ విగ్రహం పక్కనున్న గదిలో పది పదిహేనుమందిమి కూర్చుని పుస్తకం చదువుకుంటాం. ఒకరు చదువుతారు, మిగతావాళ్ళు అడ్డం తగులుతారు. చదువు రాని పెద్దవాళ్ళే ఎక్కువ అడ్డం తగులుతారు. పేజీకి గంట పడుతుంది. మొన్న డిగ్రీ చదివే తమ్ముడొకడు విసుక్కున్నాడు. "ఇంత గోల ఎందుకన్నా? ఫోన్లో అడిగితే బుద్ధుడేమన్నాడో, బాబాసాహెబ్ ఏమన్నాడో రెండు నిమిషాల్లో చెప్తది" అన్నాడు. సరే అడగరా అన్నాం.

భారతీయ తత్వశాస్త్రం అంటే ఏమిటని తెలుగులోనే అడిగాడు. గడగడా చెప్పింది. వేదాలు, ఉపనిషత్తులు, షడ్దర్శనాలు, శంకరుడు, రామానుజుడు. బంతిలో అందరూ తిని లేచాక పాకలో వాళ్ళకి విస్తరి వేసినట్టు, చిట్టచివర బౌద్ధం, జైనం, చార్వాకం "కూడా" ఉన్నాయంది. మా గదిలో డెబ్బయ్యేళ్ళ పెద్దాయన ఒకే ముక్క అన్నాడు: "ఈ పంతులు ఏ అగ్రహారం నుంచొచ్చాడ్రా?"

అందరం నవ్వాం. కానీ పెద్దాయన నవ్వులాటకి అనలేదు.

మేం యంత్రాలంటే పడనివాళ్ళం కాదు. యంత్రాలు వద్దు, రాట్నం తిప్పుకోమన్న గాంధీతో తగువుపడి, గొడ్డుచాకిరీ నుంచి మనిషికి తీరిక దొరకాలంటే యంత్రం కావాల్సిందేనని వాదించినవాడు అంబేద్కర్. ఈ ఫోన్ యంత్రం కలెక్టరుకి అర్జీ రాసిపెడుతుంది, ఇంగ్లీషు జీవోని తెలుగులో చెబుతుంది. వాడుకుందాం, మేమూ వాడుతున్నాం. మా గొడవ అది కాదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఇలాంటివి గురువు పీట మీద ఎక్కి కూర్చున్నాయి. బతుకంటే ఏమిటి, న్యాయమంటే ఏమిటి అని మన పిల్లలు రాత్రిళ్ళు దాన్ని అడుగుతున్నారు. గొడవ ఆ పీట దగ్గర.

అది ఎక్కడ నేర్చుకుంది? రాసినదాంట్లోంచి. లెక్కలేనన్ని పుస్తకాలూ, పత్రికలూ, రాతలూ మింగి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో పట్టుకుంటుంది. 2021లో కొందరు పరిశోధకులు దాన్ని చిలకతో పోల్చారు. చిలకని తిట్టడం ఎందుకు, దానికి పలుకులు నేర్పిందెవరో చూద్దాం. ఈ దేశంలో రాత ఎవరి చేతిలో ఉంది? చెవిన అక్షరం పడితే సీసం పొయ్యమన్న శాస్త్రాలు ఎవరివి? లోకాయతుల సొంత గ్రంథాలు దాదాపు మిగల్లేదు. వాళ్ళేమన్నారో మనకి ఎక్కువగా తెలిసింది శత్రువులు రాసిన పుస్తకాల్లోంచే. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు 'సర్వదర్శన సంగ్రహం'లో చార్వాకాన్ని మొదటి అధ్యాయంలో పెట్టాడు, గౌరవించడానికి కాదు, కిందిమెట్టు అని తొక్కి పైకి పోవడానికి. చంపినవాడే రాసిన పంచనామా అది. యంత్రం చదివింది ఆ పంచనామానే.

డక్కలి వాళ్ళు పటం విప్పి జాంబపురాణం చెబుతారు. భూమి కన్నా ముందే మా జాంబవుడు పుట్టాడంటారు. ఎవడు ముందు, ఎవడు వెనక, ఎవడు ఎవడికి రుణపడ్డాడు అన్న ప్రశ్న అందులో ఉంది. అది తత్వం కాదా? అది పటంలో, గొంతులో ఉంది, యంత్రం నోటికి అందినది ఏపాటి? వేమన శతాబ్దాలపాటు జనం నోట్లో బతికితే, 1829లో బ్రౌన్ అనే తెల్లదొర అచ్చువేసే దాకా పండితులకి కంటికి ఆనలేదు. ఆ సాయంత్రం తమ్ముడు కులం మీద వేమన పద్యం అడిగితే యంత్రం ఒకటి చెప్పింది. మకుటం కూడా తగిలించింది. పెద్దాయన విని, "ఇది వేమన్న చెప్పలేదు, గణం కుదర్లా" అన్నాడు. ఆయనకి సంతకం రాదు, వందకి పైగా పద్యాలు వచ్చు.

1980లో జాన్ సెర్ల్ అనే అమెరికా తత్వవేత్త ఒక గది కథ చెప్పాడు. గదిలో కూర్చున్నవాడికి చైనా భాష ముక్క రాదు. కిటికీలోంచి చైనా అక్షరాల చీటీ వస్తుంది. ఈ అక్షరాలొస్తే ఆ అక్షరాలు తిరిగివ్వు అన్న నిబంధనల పుస్తకం చూసి జవాబు చీటీ బయటికి తోస్తాడు. బయటివాళ్ళు లోపల చైనా పండితుడున్నాడనుకుంటారు. దీన్ని ఒప్పుకోని తత్వవేత్తలూ ఉన్నారు, ఆ తగువు తెగలేదు. మాకు మాత్రం ఆ గది కొత్త కాదు. మన ఊళ్ళో పెళ్ళికీ చావుకీ అలాంటి గది నడుచుకుంటూ వస్తుంది, అర్థం తెలియని మంత్రం చదివి దక్షిణ పుచ్చుకుని పోతుంది.

సరే, రేపు మన పటాలూ పాటలూ అన్నీ దానికి మేపుతాం అనుకుందాం. అప్పుడు చాలుతుందా? చాలదు.

1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువులో దిగి దోసిలి నీళ్ళు తాగాడు. పశువులు తాగే నీళ్ళు మనిషి ఎందుకు తాగకూడదు అన్నది ప్రశ్న. అగ్రకులాలు ఆవుపేడ, ఆవు మూత్రంతో ఆ చెరువుని "శుద్ధి" చేశాయి. 1985లో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర కుడితి బకెట్ కడుగుతుంటే వద్దన్నందుకు దెబ్బలు పడితే, ఒక మాదిగ ఆడబిడ్డ బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మర్నాడు, జూలై 17న, ఊరు వాడ మీద పడింది. ఆరుగుర్ని చంపారు. ఆ ఎత్తిన బిందె ఒక వాదన. మేం తత్వమనేది దాన్ని. నీళ్ళు ఎవరివి అన్న ప్రశ్నకి ఒంటితో జవాబు చెప్పడం అది. యంత్రానికి ఈ తారీఖులన్నీ వచ్చు, మనకన్నా బాగా అప్పజెబుతుంది. దప్పిక మాత్రం రాదు. మాట తప్పితే దానికి పోయేదీ లేదు, మాట మీద నిలబడితే దాని ఇల్లు తగలబడేదీ లేదు.

1936లో జరగాల్సిన సభకి లాహోర్ జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్ళు అంబేద్కర్‌ని అధ్యక్షోపన్యాసానికి పిలిచారు. రాసింది చూసి బెదిరిపోయి, వేదాల మీద అన్న మాటలు తీసెయ్యమన్నారు. కామా కూడా మార్చనన్నాడు. సభే రద్దయింది. సొంత డబ్బుతో పదిహేను వందల ప్రతులు అచ్చేశాడు. 'కుల నిర్మూలన' అలా పుట్టింది. ఇప్పుడు మన యంత్రం సంగతి చూడండి. ఈ విషయంలో గాంధీ రైటా, అంబేద్కర్ రైటా అని అడిగాం. ఇద్దరూ మహానుభావులే, ఇద్దరి కోణాలూ విలువైనవే అంది. మండల్ రోజుల్లో, 1990లో, పత్రికల సంపాదకీయాలు ఇట్లాగే ఉండేవి. కాదు, గాంధీయే రైటు అన్నాం. మీరు చక్కగా గమనించారంది. ఉండు, అంబేద్కరే రైటు అన్నాం. క్షమించండి, మీరన్నదే నిజమంది. లాహోర్ వాళ్ళకి ఇలాంటి వక్త దొరికుంటే సభ జయప్రదంగా జరిగేది!

ఇది మా ఒక్కరికే ఎదురైన జబ్బు కాదు. భజన మరీ ఎక్కువైందని 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ కంపెనీయే తన యంత్రంలో చేసిన ఒక మార్పుని వెనక్కి తీసుకుంది. అంటే ఎంత పొగడాలో కొలత పెట్టేది కంపెనీ. యజమాని చేతిలో మర ఉన్నవాడు జ్ఞాని ఎట్లా అవుతాడు?

ఇంకొకటి. ఈ యంత్రం బూతు మాట్లాడకుండా శుభ్రంగా ఉంటుంది గదా, ఆ శుభ్రం ఎవరు చేశారు? టైమ్ పత్రిక 2023 జనవరిలో రాసింది: కెన్యాలో కూలీలు గంటకి రెండు డాలర్లు కూడా రాని జీతానికి హత్యలూ, అత్యాచారాలూ నిండిన రాతలు రోజంతా చదివి, ఇది మురికి, ఇది మురికి అని గుర్తులు పెట్టారట. పాకీపని ఎవరిచేత చేయిస్తారో మాకొకరు చెప్పాలా? ఆ కూలీలకి నిద్ర పట్టిందా లేదా అని తత్వవేత్త యంత్రాన్ని అడిగి చూడండి. విచారం వెలిబుచ్చుతుంది, చక్కని తెలుగులో.

తమ్ముడు ఆ రోజు చివరిదాకా ఉన్నాడు. పోతూ పోతూ, "మరి పెద్దాయన తప్పు చెప్తే?" అని అడిగాడు. మంచి ప్రశ్న. తప్పు చెబితే మీద పడతాం, ఆయన మన మీద పడతాడు, వారం రోజులు మాటలుండవు, మళ్ళీ ఆదివారం వస్తాడు. సంప్రదాయమని, గ్రంథంలో ఉందని, చెప్పినవాడు గురువని దేన్నీ నమ్మొద్దని కాలాములకి చెప్పినవాడు బుద్ధుడు. ఆ లెక్కన పెద్దాయనా పరీక్షకి నిలవాల్సిందే. ఆయన నిలుస్తాడు, ఎందుకంటే రేపు పొద్దున్న అదే బజార్లో మన మొహం చూడాలి గనక.

వచ్చే ఆదివారం 'కుల నిర్మూలన' మొదటి పేజీ నుంచి మొదలుపెడుతున్నాం. అక్కలూ రావాలి, పోయినసారి ఇద్దరే వచ్చారు. ఫోన్లు తెచ్చుకోవచ్చు. గదిలో బల్బు పోయింది, వెలుతురుకి పనికొస్తాయి.