గర్భసంచి ఆపరేషను - చిన్న కంతలోంచి ఎలా తీస్తారు?

“డాక్టరుగారూ, పొట్ట కోయకుండానే గర్భసంచి తీసేస్తారటగా! అంత సంచి ఆ కాస్త కంతలోంచి ఎలా వస్తుందండీ?” అని మొన్న ఓ.పి.లో ఒకామె అడిగింది. మంచి ప్రశ్న. చాలామంది ఈ మాట అడక్కుండానే ఆపరేషన్ బల్ల ఎక్కేస్తారు. అందుకని ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

లాపరోస్కోపు సాయంతో గర్భసంచిని మొదటిసారి తీసినది అమెరికాలో హ్యారీ రీచ్ అనే డాక్టరు, 1988లో. మత్తు ఇచ్చాక బొడ్డు దగ్గర సుమారు ఒక సెంటీమీటరు కోత పెట్టి, కడుపులోకి కార్బన్ డయాక్సైడు వాయువు ఎక్కిస్తారు. పొట్ట గుడారంలా పైకి లేచి, లోపల పని చేసుకోవడానికి చోటు దొరుకుతుంది. ఒక కంతలోంచి కెమెరా, మిగిలిన రెండు మూడు కంతల్లోంచి సన్నని పనిముట్లు వెళ్తాయి. డాక్టరు టీ.వీ. తెర మీద చూస్తూ పని చేస్తారు.

పొట్ట కోసి చేసేటప్పుడు గర్భసంచిని చేత్తో పట్టుకుని కావలసిన వైపుకు తిప్పుకోవచ్చు. కంతలోంచి చెయ్యి దూరదు కదా! అందుకని యోనిమార్గం గుండా గర్భసంచిలోకి కడ్డీలాంటి సాధనం ఒకటి పంపుతారు. దీన్ని ‘యుటెరైన్ మానిప్యులేటర్’ అంటారు. అందని మామిడికాయ కోయాలంటే ఒకరు కొమ్మ వంచి పట్టుకోవాలి, ఇంకొకరు కోయాలి. ఇదీ అంతే. కాళ్ళ వైపున ఉన్న సహాయక డాక్టరు ఈ కడ్డీతో గర్భసంచిని పైకి నెట్టి, పక్కలకు వంచి పట్టుకుంటారు.

ఈ పట్టు ఎందుకంత ముఖ్యం? మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వచ్చే సన్నని మూత్రనాళం, గర్భసంచి ముఖద్వారానికి సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలోనే పోతుంది. గర్భసంచికి రక్తం తెచ్చే ధమని సరిగ్గా దాని మీదుగా వెళ్తుంది. ఆ ధమనిని మూసి కోయాలి, కింద ఉన్న నాళానికి సెగ కూడా తగలకూడదు. గర్భసంచిని పైకి నెట్టి పట్టుకుంటే వాటి మధ్య ఎడం పెరుగుతుంది. కడ్డీకి ఉండే గిన్నెలాంటి భాగం ముఖద్వారం చుట్టూ కూర్చుని, ఎక్కడ కోయాలో అంచు చూపిస్తుంది. అన్నీ విడదీశాక గర్భసంచిని యోనిమార్గం నుంచే బయటికి తీసి, లోపల కుట్లు వేస్తారు. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే! సంచి పొట్ట మీది కంతలోంచి రానక్కరలేదు.

గడ్డల వల్ల గర్భసంచి బాగా పెద్దదైతే ముక్కలు చేసి తీయాలి. లోపల తెలియకుండా కాన్సరు దాగి ఉంటే ఆ ముక్కలతో పాటు అదీ కడుపంతా చెదురుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించింది. అందుకే ముక్కలు చేయక తప్పనప్పుడు ప్రత్యేకమైన సంచిలో పెట్టి చేయాలి. ముఖద్వారం కాన్సరుకైతే పద్ధతి వేరు. తొలిదశ రోగులు 631 మంది మీద జరిపి 2018లో ప్రకటించిన పరిశోధనలో, పొట్ట కోసి చేసినవారి కంటే కంతల ద్వారా చేయించుకున్నవారిలో కాన్సరు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. అందువల్ల ఆపరేషనుకు ముందు ముఖద్వారం పరీక్ష, స్కానింగు, అవసరమైతే లోపలి పొర ముక్క పరీక్ష తప్పక చేయించుకోండి.

కొన్నేళ్ళ క్రితం ఒకామె మా దగ్గరికి వచ్చింది. ఆపరేషను అయిన పది రోజులకు బట్టలు తడవడం మొదలైంది. తెల్లబట్ట కాబోలు అనుకుని, సిగ్గుపడి, నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. వాసన వస్తుందని ఇంట్లో అందరికీ దూరంగా వేరే గదిలో పడుకుందట. పరీక్ష చేస్తే అది మూత్రం. మూత్రనాళానికి తగిలిన దెబ్బ అది. మూత్రకోశ నిపుణుల చేత మళ్ళీ ఆపరేషను చేయించాం. బాగయింది. మొదటి రోజే చెప్పి ఉంటే అంత బాధ పడేది కాదు.

కాబట్టి ఆపరేషను తరువాత నీళ్ళలా కారినా, నడుము పక్కన నొప్పి, జ్వరం వచ్చినా, కడుపు ఉబ్బి వాంతులైనా, నెత్తురు ఎక్కువగా పోయినా ఆ రోజే ఆసుపత్రికి రండి. ఒకటి రెండు రోజులు భుజం లాగితే మాత్రం కంగారు పడకండి. అది వాయువు వల్ల వచ్చే నొప్పి, దానంతటదే తగ్గుతుంది.

ఇంకొక మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015-16) ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో వందకు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎనిమిది తొమ్మిది మంది. తెల్లబట్టకీ, నడుంనొప్పికీ గర్భసంచి తీయించుకోనక్కరలేదు. ముందు మందులతో తగ్గుతుందేమో అడగండి. తీయక తప్పదంటే, పొట్ట మీద కంతలు కూడా లేకుండా యోనిమార్గం నుంచే తీయడం కుదురుతుందా, అండాశయాలు ఉంచుతారా అని కూడా అడగండి. అనుమానం ఉంటే మరో డాక్టరుకు చూపించుకోండి.

చివరగా భర్తలకు. పైన కనిపించే కుట్లు వారంలో మానినా, లోపలి కుట్లు మానడానికి కనీసం రెండు నెలలు పడుతుంది. అంతవరకు దాంపత్యం వద్దు. నీళ్ళ బిందె మీరే మొయ్యండి.